నీళ్ల గీత

పాయకాపురం అవతల, బుడమేరు గట్టు మీద
నాలుగడుగుల రేకు బోర్డు రాసింది నేనే.
ఫ్రేము కాగితంలో టేకు, చేతికందింది మామిడి చెక్క.
పని పేరు: గట్టు పటిష్టం చేయుట.
అంచనా విలువ: రెండు కోట్ల పద్దెనిమిది లక్షలు.
పని పూర్తయిన తేదీ అన్న చోట
బ్రష్షు ఆపి వర్క్ ఇన్‌స్పెక్టర్ వంక చూశా.
గట్టు మీద అప్పటికి
ఒక ట్రాక్టరు, రెండు మేకలు,
గాలి దిగిన చక్రం నీడలో నిద్రపోతున్న డ్రైవరు.
"రాసెయ్ నాగుల్‌మీరా, మార్చి ముప్పై ఒకటి.
లేకపోతే బిల్లు మురిగిపోద్ది."

రాశాను.
సింగ్ నగర్లో నా చేతిరాతకి పేరుంది.
సున్నాలు గుండ్రంగా వస్తాయి,
ఎక్కడా రంగు కారదు.
ఎనిమిది వందలిచ్చి
రెండు వేల రసీదు మీద సంతకం పెట్టించుకున్నారు.
మిగతా పన్నెండు వందల సంగతి అడగలేదు.
ఎలక కన్నమంత,
దానికేం గట్టు కూలుతుందా అనుకున్నా.

బస్తాల మూతులు కుట్టే సలోమి
టీ కొట్టు దగ్గర చెప్పేది:
"ఇసుకెక్కడిదన్నా, ఊకా మట్టీ కలిపి కుక్కుతున్నాం.
ఎత్తితే చంటిబిడ్డంత బరువు లేదు బస్తా."
నవ్వాను. అందరం నవ్వాం.
గట్టు మీద మాకెప్పుడూ నమ్మకం లేదు,
వాన మీదే ఉండేది,
ఈ ఏడు కూడా చూసీ చూడనట్టు పోతుందిలే అని.

ఆదివారం తెల్లారుజామున చూసింది.

నీళ్లు అరుచుకుంటూ వస్తాయనుకునేవాణ్ణి.
కాదు.
ముందు మంచం కింద చెప్పులు కదిలాయి.
తర్వాత గ్యాస్ బండ లేచి
ఎవరో తలుపు కొట్టినట్టు గోడకి కొట్టుకుంది.
రంగు డబ్బాల మూతలూడి
వీధి పసుపైంది, కాసేపు నీలమైంది,
తర్వాత అంతా ఒకటే బురద.
పక్కింటి మేడ మీద పదహారు మందిమి, ఒక కుక్క,
మూడు రాత్రులు.
మూడో నాడు మధ్యాహ్నం
మా కళ్ల ముందు నుంచే పోయింది నా బోర్డు,
వెల్లకిలా, నింపాదిగా,
ఒక్క అక్షరం చెదరకుండా.
కొత్తగా చదువొచ్చిన పిల్లాడు
కూడబలుక్కుని పైకి చదివాడు:
"పూ ర్త యి న ది."
ఎవరూ నవ్వలేదు.

సలోమి తలుపు బయటికి తెరుచుకునే రేకు తలుపు.
నీళ్లు బయట నిలబడి పట్టుకున్నాయి.

నిన్న మళ్లీ పిలిచారు.
గోడల మీద వరద మట్టం గుర్తు పెట్టాలట,
ఎర్ర గీత, పక్కన తేదీ.
టేపు పట్టుకొచ్చిన కుర్రాడు కొత్తగా ఉద్యోగంలో చేరినట్టున్నాడు,
చొక్కా వీపుకి అతుక్కుపోయింది.
ఫోన్లో ఎవరితోనో "సరే సార్, సరే సార్" అని
నా వైపు తిరిగి
"నడుం ఎత్తున గియ్యండి చాలు" అన్నాడు.
ఎవరి నడుం, అన్నాను.
అతనికి అర్థం కాలేదు.

సలోమి గోడకి ఇంకా చెమ్మ ఆరలేదు.
ఒండ్రు చార దానంతటదే గీసుకుని ఉంది,
ఏసు బొమ్మ క్యాలెండరు మేకుకి
జానెడు పైన.
ఆ మేకు కొట్టడానికి నన్నే పిలిచింది,
తనకి అందదని.

స్టూలెక్కి
చార మీదే బ్రష్షు నడిపించా.
చెయ్యి ఎక్కడో తడబడింది.
ముప్పై ఏళ్లలో మొదటిసారి
నా గీతలోంచి రంగు కిందికి కారింది.
తుడవలేదు.

కుర్రాడు ఫొటో తియ్యాలో వద్దో తెలీక
టేపు చుట్టుకుంటూ నిలబడ్డాడు.
తర్వాత రసీదు పుస్తకం తీసి,
అలవాటైన మాటే కాబోలు, అడిగాడు:
"ఎంతకి రాయమంటారు?"

"ఎంతిస్తున్నావో అంతకి."